గోడ మరక మీద గొల్లభామలు

క్రిస్మస్‌కు ముందు రోజు సాయంత్రం. సిద్దిపేటలో రాహేలమ్మ ఇంటి హాలు. రాహేలమ్మ కుర్చీలో కూర్చుంది. కొత్త కోడలు వందన తాను కుట్టిన బట్టను రెండు చేతులతో విప్పి పట్టుకుని ఎదురుగా నిలబడింది. చర్చి నుంచి పాటల వాళ్లు వచ్చే వేళవుతోంది.

“మొత్తం ఇంటూ మార్కులే కదనే గిది. చిన్నప్పుడు లెక్కల సారు నా పలక మీద గిట్లనే వేసేటోడు.”

“క్రాస్ కుట్టంటే గట్లనే ఉంటది అత్తమ్మా. దారం మీద దారం అడ్డంగ పడితేనే ఒక కుట్టు.”

“నాకు చెప్తున్నవా? క్రాస్ కుట్టు నేను చూడనిదా? మిషన్ దవాఖానల నర్సమ్మలు కుట్టేటోళ్లు. వాళ్లయి చూస్తే కండ్లు చల్లగుండేటియి. నీది చూస్తే తిరుగుతున్నయి.”

“దగ్గరికెళ్లి చూస్తే గట్లనే ఉంటది. జర కుర్చీ ఎనుకకు జరుపుకొని చూడుండ్రి.”

“ఎంత ఎనుకకు? కరీంనగర్ దాక పోవాల్నా?”

“గోడ దాక చాలు.”

“చూసిన తియ్యి. ఇగ మడత పెట్టు. దసరా నుంచి గ్యాసు సిలిండర్ మీద కూసొని కుట్టినవ్, కుట్టినవ్. పప్పు మాడగొట్టి కుట్టినవ్. ఏంది చివరికి? ఒక టవల్.”

“టవల్ కాదు అత్తమ్మా. పండుగకు గోడకు కట్టేది.”

“గోడకు కట్టేటియి నా బిడ్డ పంపింది హైదరాబాద్‌కెళ్లి. జిగజిగ మెరిసే తోరణాలు, చెట్టు, చెట్టు మీద మంచు. నీ కండ్లకు కనపడుతలెవ్వా?”

“ఆ మంచు పత్తే కదా. మా కోహెడల చేన్ల నిండ ఉన్నది.”

“చేన్ల ఉంటే పత్తి. చెట్టు మీద ఉంటే మంచు. నీకెట్ల తెలుస్తది.”

“అత్తమ్మా, రేపటి సంగతి ఏం చేసిన్రు?”

“ఏం సంగతి?”

“మా అవ్వ సంగతి. నిన్న అడిగిన.”

“నిన్న నువ్వడిగినప్పుడు కుక్కర్ కూత పెడుతుండె. నాకు వినపడలే.”

“ఇప్పుడు కుక్కర్ లేదు.”

“బయట స్టార్‌ల బలుబు వేసినవా? పోయినేడు పాటలోళ్లు వచ్చే యాల్లకు మాడిపోయింది. స్టార్ ఉన్నది, ఎలుగు లేదు.”

“వేసిన. వెలుగుతుంది. మా అవ్వ రేపు పండుగకు వస్తనంటుంది. నా పెండ్లయినంక మొదటి పండుగ కదా. మీరు ఫోన్ల ఒక్కమాట పిలువాలె.”

“నువ్వే పిలువరాదు. ఫోన్ నీ చేతులనే ఉంటది కదా పొద్దంత.”

“నేను పిలిస్తే రాదు. బిడ్డ రమ్మంటే వియ్యంకుల గడప ఎట్ల తొక్కుత, వదిన పిలువాలె అంటది.”

“అబ్బో. పొద్దుందాక మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసునే ఆమెకు గిన్ని పద్ధతులా?”

“పద్ధతికి, మగ్గానికి ఏం సంబంధం అత్తమ్మా?”

“గిదే. గిదే నీతోని. మెల్లగ అంటవ్, ఒక్కటే అంటవ్, సూది గుచ్చినట్టు అంటవ్. చూడు వందనా, రేపు మనింట్ల బువ్వకు ఎవరెవరు వస్తున్నరు? పాస్టరు అయ్యగారు వస్తుండు, అమ్మగారు వస్తుంది, చర్చి పెద్దలు వస్తున్నరు. మీ అవ్వ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకొని వాళ్ల నడిమిట్ల కూసుంటే, ఎవరీమె అని అడుగుతరు. నేనేం చెప్పాలె?”

“వియ్యపురాలు అని చెప్పాలె.”

“మళ్ల సూది.”

“అవ్వ వస్తదని మీకు చెప్పిన అన్నడు మీ కొడుకు.”

“రత్నాకర్ చెప్పిండా? వాడు నా ముందర నోరు తెరిచేది అన్నం తినేటందుకే. పెండ్లప్పుడు ఒక్కసారి తెరిచిండు, నిన్ను తెచ్చిండు. మళ్ల తెరవలే.”

“మరి ఏం చెప్పాలె అవ్వకు?”

“జనవరిల ఏదన్న ఆదివారం రమ్మను. చర్చి అయినంక. వచ్చి, బిడ్డను చూసుకొని, చాయ్ తాగి, సాయంత్రం బస్సుకు పోతది. ఎవ్వరికి తిప్పల లేదు.”

“పండుగ నాడు రావాలని ఆమె ఆశ.”

“నాకు లేకుండెనా ఆశలు? టీచర్ కోడలు కావాలని ఆశ. ఏమైంది?”

“ఏం కాలే. నేనొచ్చిన.”

“ఆ. నువ్వొచ్చినవ్. ఆ మూలకున్న ఫ్లెక్సీ పట్టుకరా ఇగ. పగటిపూట తెచ్చి పెట్టిండు రత్నాకర్, విప్పకుంటనే కేకు తెస్తనని పోయిండు. పాటలోళ్లు వచ్చే లోపల ఆ గోడకు కట్టాలె. చూడు గోడ, వానలకు చెమ్మ పట్టి సున్నం ఉబ్బి ఎట్లయిందో. పాటలోళ్లతోని ఇశ్రాయేలు పెండ్లాం సుత వస్తది, గుమ్మంల కాలు పెట్టంగనే ఆమె కండ్లు ముందుగాల గా మరక మీదనే పడతయి.”

“పెద్దగుంది. ఒక కొస మీరు పట్టుకోండ్రి.”

“పట్టుకున్న. లాగు. మంచిగ. రంగులు చూడు, ఎట్లున్నయో. గట్లుండాలె పండుగంటే. నా ఫోటో చూసినవా, నడిమిట్ల? పదేండ్లు తగ్గినట్టు వచ్చింది.”

“వచ్చింది. యేసయ్య ఏడున్నడు అత్తమ్మా?”

“ఉంటడు, చూడు.”

“చూస్తున్న.”

“ఆ పిల్లల ఫోటోల పక్కకు చూడు.”

“ఆడ లేడు. ఆఁ, గిక్కడున్నడు. కింద మూలకు. పోస్టు బిళ్లంత.”

“గంత చిన్నగ వేసిండా? గా దుకాణపోడు పాడుగాను. లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టి కొట్టి వానికి గదే అలవాటు. పైసలిచ్చినోళ్లు నడిమిట్ల పెద్దగ, దేవుడు మూలకు.”

“మీ ఫోటో కింద జన్మదిన శుభాకాంక్షలు అని సుత కొట్టిండు.”

“క్రిస్మస్ అంటే జన్మదినమే కదా.”

“మీది కాదు కదా.”

“ఎవరు చదువుతరు దూరంకెళ్లి? కట్టు.”

“కడుత. పోయిన ఆదివారం అయ్యగారు గర్వం మీదనే కదా చెప్పిండు. గంటసేపు.”

“ఏం, నాకు గర్వమున్నదా?”

“నేనంటలేను. ఇశ్రాయేలు మామ భార్య అంటది.”

“అంటది. ఆ మనిషి అనకుంట ఉంటదా? ఆమెకేమున్నది అనేటందుకు? ఇల్లు సుట్టు లైట్లేసింది, కల్లు దుకాణం లెక్క మెరుస్తుంది. పోయినేడు పశువుల పాక కట్టి నిజం మేకపిల్లను కట్టేసింది. అమ్మగారు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే అది అమ్మగారి కొంగు తిన్నది. అయినా ఆమెనే మెచ్చుకున్నరు. ఏడాది పొడుగున ఏ ఇంటికి పోయినా గదే ముచ్చట, ఇశ్రాయేలు ఇంట్ల మేకపిల్ల, ఇశ్రాయేలు ఇంట్ల మేకపిల్ల.”

“ఇందుల నా ఫోటో లేదు.”

“ఏంది?”

“ఫ్లెక్సీల. అందరున్నరు. మీరు, కాలం చేసిన మామయ్య, ఆయన, ఆడబిడ్డ, ఆడబిడ్డ పిల్లలు. సచ్చిపోయిన టామీ సుత ఉన్నది.”

“టామీ పన్నెండేండ్లు ఉండె ఈ ఇంట్ల. నువ్వొచ్చి ఎన్ని దినాలైంది? జాగ సరిపోలే. మళ్లొచ్చే ఏడు వేపిద్దం.”

“సరే. కట్టాల్నా మరి?”

“ఆగు. గంటసేపు చెప్పిండా గర్వం మీద?”

“గంట దాటింది.”

“చుట్టు దాన్ని. చుట్టి మంచం కింద పెట్టు. అయ్యగారు ఒక్కమాట అన్నడంటే అది నా సావు దాక తిరుగుతది. మరి గోడ? దుప్పటి కడితే?”

“దుప్పటి కడితే దేనికో అడ్డం కట్టినట్టే కనపడుతది. నా బట్ట సరిపోతది.”

“నీ టవలా?”

“మరక మూసేంత ఉన్నది.”

“ఇంకేం లేదా ఇంట్ల?”

“లేదు.”

“కట్టు. మరక కన్న అధ్వానంగ అయితే ఉండదు అనుకుంట. మొల ఆ పొక్క కాడ కొట్టకు, సున్నం రాలుతది. జర పైకి. ఎడమ దిక్కు కిందికైంది. గంతే. ఇగ చెప్పు, గీ ఆడోళ్లంత ఎవరు? బారు కట్టి కుండలు పట్టుకొని?”

“గొల్లభామలు అత్తమ్మా. మన చీరల మీద ఉంటయి కదా, అవే. అవ్వ మగ్గం మీద నేసేది. నాకు గళ్ల కాయితం మీద గీసిచ్చింది.”

“గొల్లభామలు. క్రిస్మస్‌కు గొల్లభామలు. ఇంకా నయం, బోనాలు పెట్టలేదు నెత్తిల మీద.”

“దేవుడు పుట్టిన కబురు ముందుగాల గొల్లలకే కదా తెలిసింది. మన సిద్దిపేట గొల్లలైతే ఉట్టిచేతులతోని పోరు. పసిపిల్లగాన్ని చూడ పోతున్నరు, పాలు పట్టుకొనే పోతరు.”

“బేతలేముకు సిద్దిపేట పాలు. మస్తు తెలివి. నువ్వు బాప్తిస్మం తీసుకొని ఏడాది కాలే, బైబిల్ సుత సక్కగ చేస్తున్నవ్. జ్ఞానులేరి?”

“కుడి దిక్కున ముగ్గురు.”

“ఒంటెలేవి?”

“ఒంటెను నేను చూడలే. చూడనిది కుట్ట చేతకాలే.”

“మరి ఎట్లొస్తున్నరు?”

“నడిసొస్తున్నరు.”

“ఏడికెళ్లి? సిద్దిపేట బస్టాండ్ల దిగిన్రా?”

“తూర్పు దిక్కు నుంచి. పుట్టింది రాజులకు రాజు కదా అత్తమ్మా, గాయన కాడికి ఒంటె మీద కూసొని పోతరా? మన దిక్కు పెద్దోళ్లింటికి పోతే ఎంతటోడైనా బండి దిగే పోతడు.”

“దేవదూత ఏది?”

“జాగ సరిపోలే.”

“గంతమంది గొల్లభామలకు జాగ ఉన్నది, ఒక్క దేవదూతకు లేదా?”

“ఇంట్ల ఉన్న జాగను బట్టే కదా ఎవరినన్న పెట్టేది.”

“ఏమంటివి?”

“ఏం లేదు. మొల గట్టిగున్నదా అని చూస్తున్న.”

“చూడు, నేను మంచిగనే చెప్తున్న. ఎవరన్న అడిగితే, ఏదో పాత బట్ట, గోడకు అడ్డం కట్టినం అని చెప్త. నువ్వు నడిమిట్ల రాకు. నేను కుట్టిన, మా అవ్వ గీసింది అని ముందలికి ఉరుకకు. నవ్వుతరు.”

“ఉరుకను.”

“డప్పు సప్పుడు వస్తుంది. మలుపు కాడికి వచ్చిన్రు. నువ్వు పోయి చాయ్ పెట్టు. పాట అయ్యేదాక ఇవుతలికి రాకు.”

“నేను సుత పాడుత అత్తమ్మా.”

“నీకు వచ్చేటియి బతుకమ్మ పాటలు.”

“ఇవి సుత నేర్చుకున్న.”

“చాయ్ పెట్టు. అల్లం జర ఎక్కువెయ్యి, అమ్మగారికి గొంతు నొస్తుందట.”

“అవ్వకు ఏం చెప్పాలె? ఫోన్ పక్కన పెట్టుకొని కూసున్నది పొద్దటిసంది. బస్సు ఎక్కాలంటే ఇయ్యాల్నే మూట సర్దుకోవాలె.”

“చెప్పిన కదా, జనవరిల. కూసోనీ. కూసునుడు ఆమెకు అలవాటే.”

పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది. పాటల వాళ్లంతా హాల్లోనే ఉన్నారు. పాస్టరు గారి భార్య గోడ ముందు ఆగిపోయింది. వందన చాయ్ పళ్లెంతో వచ్చింది.

“రాహేలమ్మ గారూ, ఇది ఎవరు కుట్టారండీ?”

“ఏది అమ్మగారూ?”

“ఈ గోడ మీదది. చేత్తో కుట్టిందేనా ఇది?”

“అది ఏదో పాత... ఎందుకు అమ్మగారూ? బాగలేదా?”

“బాగాలేదని ఎవరంటారు? ఇన్నేళ్లుగా పాటలకు తిరుగుతున్నాను, ఎవరింట్లో చూసినా అవే లైట్లు, అవే ప్లాస్టిక్ చెట్లు. ఇలాంటిది ఇదే చూడటం. ఇశ్రాయేలు గారూ, మీ ఇంటావిడను ఇటు రమ్మనండి, ఆవిడ కూడా చూస్తారు. ఎవరు కుట్టారో చెప్పరేం?”

“నేనే అమ్మగారూ.”

“మీరా, రాహేలమ్మ గారూ?”

“నేనే. ఏదో పొద్దుపోక. ఒక్కొక్క కుట్టుకు ఒక్కొక్క ప్రార్థన అనుకుంట కుట్టిన.”

“మీకు కుట్టు వచ్చని ఇన్నాళ్లూ ఒక్కసారైనా చెప్పలేదే.”

“చెప్పుకునుడు గర్వం కదా అమ్మగారూ. పోయిన ఆదివారం అయ్యగారు చెప్పిండు కదా, గంటసేపు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.”

“ఈ బొమ్మలు మన సిద్దిపేట చీరల మీద ఉండేవి కదూ?”

“గొల్లభామలు అమ్మగారూ. ముందుగాల కబురు తెలిసింది గొల్లలకే కదా. మనోళ్లయితే ఉట్టిచేతులతోని పోరు, పాలు పట్టుకొని పోతరు. గట్ల నా మనసుకు తోచింది.”

“ఎంత చక్కటి ఆలోచన. మరి జ్ఞానులు నడిచి వస్తున్నారేం?”

“దేవుని కాడికి ఒంటె మీద కూసొని పోతరా ఎవరన్న? బండి దిగే పోవాలె. నేను గావాలనే ఒంటెలు పెట్టలే.”

“అయ్యగారికి చెప్పాలి ఈ మాట. రేపటి ప్రసంగానికి పనికొస్తుంది. దగ్గరికి వచ్చి చూస్తే ఇంకో విచిత్రం, కుట్లన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. ఎలా వస్తుందండీ అలా?”

“అదా. అదంటే, చెయ్యి... వందనా, చాయ్ చల్లారుతుంది. ఇయ్యి అందరికి.”

“మీ కోడలు కదూ. ఈ అమ్మాయి కూడా కుడుతుందా?”

“ఈమెనా? ఈమె సూదిల దారం ఎక్కించి ఇచ్చింది అమ్మగారూ. నాకు కండ్లు ఆనుతలెవ్వు కదా, గందుకు.”

“రాహేలమ్మ గారూ, మీరు కాదనకూడదు. చర్చికి ఒకటి కుట్టిపెట్టాలి. ప్రభువు బల్ల వెనక గోడ ఉంది కదా, ఆ గోడ నిండా. ఈస్టరుకు కట్టుకుందాం. రేపు ఆరాధనలో అయ్యగారి చేత అందరికీ చెప్పిస్తాను.”

“ఈస్టరుకా అమ్మగారూ? గోడ నిండనా? వయసు మీద పడ్డది, నా కండ్లు సూస్తిరి కదా.”

“ఇది కుట్టింది ఆ కళ్లతోనే కదండీ.”

“అంటే, అది వేరే, ఇది...”

“కుడుతది అమ్మగారూ. అత్తమ్మ ఒప్పుకుంటది.”

“వందనా, నువ్వు లోపలికి పో.”

“పోత అత్తమ్మా. గిదొక్కటి చెప్పి పోత. అత్తమ్మనే కుట్టింది అమ్మగారూ, నేను పక్కనే ఉండి చూసిన. కాకపోతే పని నేర్పింది మా అవ్వ. గొల్లభామలు గీసిచ్చింది సుత మా అవ్వనే, కోహెడల మగ్గం నేస్తది. గందుకే అత్తమ్మకు ఆమె అంటే పాణం. రేపు పండుగకు ఆమెను పిలిచి మీ పక్కన కూసోబెట్టి బువ్వ పెట్టాలని పొద్దటిసంది ఒక్కటే ముచ్చట.”

“అలాగా. అయితే ఆవిడను నేను కూడా చూడాలి. పిలిచారా రాహేలమ్మ గారూ?”

“పిలుస్త అమ్మగారూ. పిలుద్దమనే, జనవరిల...”

“జనవరి దాకా ఎందుకండీ, రేపే పండుగ అయితే?”

“గదే నేనూ అనుకుంటున్న. పాటలోళ్లు పోయినంక ఫోన్ చేద్దమని.”

“నేను కలిపిన అత్తమ్మా. అవ్వ ఎత్తింది. స్పీకర్ల పెట్టిన, అమ్మగారు సుత మాట్లాడొచ్చు. తీసుకోండ్రి.”

“హలో. ఆఁ, వదినా, నేను రాహేలమ్మను. పొద్దుగాల మొదటి బస్సుకే ఎక్కి రా వదినా. ఆఁ, పండుగకే. నువ్వు లేకుంటే నాకెట్ల ఎల్తది? ఈస్టరు దాక ఉండేటట్టు బట్టలు తెచ్చుకో.”